ఎనిమిదో బోల్టు

మా ఇంట్లో ఒక స్పోర్ట్స్ కారు ఉంది. దాని యజమానిని నేను. నడిపేది మా ఆవిడ. వినగానే నవ్వేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. బండి వంద దాటితే నాకు కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. ఆవిడ వారానికి ఆరు రోజులు సిటీ బస్సు నడుపుతుంది. స్టాపు స్టాపుకీ ఆగుతూ, చిల్లర తగాదాలు వింటూ, ముప్ఫై దాటకుండా. నెలకో ఆదివారం ఊరి బయట రేస్ ట్రాక్‌ను మాలాంటి వాళ్ళకు తెరుస్తారు. ఆ రోజు మా రెండు సీట్ల కారెక్కి కడుపులో దాచుకున్న వేగమంతా కక్కేస్తుంది.

కారును ఆరేళ్ళ కిందట ముందు భాగం నుజ్జునుజ్జయి ఉండగా కొన్నాను. ఆ ధరకు అంతకన్నా మంచి బండి రాదని నేను, అంతకన్నా బుద్ధితక్కువ పని ఉండదని ఆవిడ, ఇద్దరమూ నిజమే చెప్పాం. ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. దాన్ని నేను విప్పలేదు, అది పుట్టుకతోనే గట్టిది. నా పనంతా దాని చుట్టూనే. షాక్ అబ్జార్బర్లు మార్చాను, సీట్లు మార్చాను, పోయిన నెల బ్రేకులు నాలుగూ పెద్దవి వేశాను. బరువు తగ్గించడం మీద నాకు మహా మోజు. పీకేసిన ప్రతి ముక్కనూ తూచి రాసుకున్నాను. కింద పరిచిన తివాచీ, తలుపుల్లోని దూది, అక్కర్లేని బ్రాకెట్లు అన్నీ కలిపి అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ లెక్క చూపిస్తే మా ఆవిడ, "ఇంత కష్టపడే బదులు మీరు ఎక్కడం మానేస్తే డెబ్భై ఎనిమిది తగ్గేది కదండీ" అంది.

తూచడం నా ఉద్యోగం. తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌ని. పెట్టెలో అసలు తూకం రాళ్ళు పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతాను, కాటా సరిగ్గా ఉంటే ముద్ర వేస్తాను, లేకపోతే పక్కన పెట్టిస్తాను. "నిన్ననే చూసుకున్నాం సార్, కరెక్టుగా ఉంది" అన్నవాడి కాటానే ముందు చూస్తాను. ఒకరి మాట మీద ముద్ర వేయలేదు, ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా.

కారు పనిలో నాకు తోడు మా బావమరిది. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. కొట్ల మీద బోర్డులు రాస్తాడు కాబట్టి ఊరంతా అతన్ని కుంచె అనే పిలుస్తుంది, ఇంట్లో మేమూ అంతే. స్కేలు లేకుండా ఆరడుగుల గీత గీస్తాడు. నేను కొలిచి చూశాను, ఒకటి రెండు సార్లు కాదు.

బోల్టును ఎంత బలంతో బిగించాలో కారు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ బలాన్ని కొలిచే పాన పేరు టార్క్ రెంచ్. మనం పెట్టిన బలం అందగానే చేతిలో టిక్కుమంటుంది. మొదటి రోజే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బిగించేది నేను. తర్వాత రెంచ్ కుంచె చేతికి వెళ్తుంది. అతను ప్రతి బోల్టుకూ మళ్ళీ వేసి లాగి, ఆ టిక్కును తన చెవితో విని, అప్పుడు బోల్టు తల మీంచి పక్కనున్న లోహం మీదకు పసుపు రంగుతో సన్నటి గీత గీస్తాడు. తర్వాతెప్పుడైనా బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగి కనబడుతుంది. బిగించిన చెయ్యి గీయకూడదు, గీసే చెయ్యి వినకుండా గీయకూడదు.

ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకునే ముందు మా ఆవిడ నన్నేమీ అడగదు. తమ్ముడి వైపు తిరిగి, "ఎన్నిరా?" అంటుంది. ఆ నెలలో విప్పి బిగించిన బోల్టులు ఎన్నో అతను చెబుతాడు. "అన్నీ విన్నావా?" అంటుంది. "అన్నీ విన్నానక్కా" అంటాడు. ఆ మాట మీదే ఆవిడ తాళం తిప్పుతుంది. ఆరేళ్ళుగా ఇంతే.

ఆ శనివారం పొద్దున్న జరిగింది ఇది. రెంచ్‌ను ఏడాదికోసారి మా ఆఫీసుకు తీసుకెళ్ళి రాళ్ళు వేలాడదీసి పరీక్షిస్తాను. శుక్రవారం చూశాను, నిక్కచ్చిగా ఉంది. కొత్త చెప్పులు కొన్న పిల్లాడు మంచం మీద కూడా నడిచినట్టు, దాన్ని ఎక్కడో ఒకచోట వేసి చూడాలని నాకు చెయ్యి దురదపెట్టింది. మర్నాడే ట్రాక్. కారు స్టాండ్ల మీద ఉంది, శుభ్రం చేయడానికి వెనక ఎడమ చక్రం తీసి ఉంది. అక్కడ కొత్త బ్రేకును పట్టి ఉంచే బోల్టులు రెండు. ఒక్కో చక్రానికి రెండేసి, మొత్తం ఎనిమిది. పైదానికి వేశాను, టిక్. కింద దానికి వేశాను. టిక్ రాలేదు. పాన మెత్తగా నా వైపు వచ్చింది. పావు చుట్టు తిరిగాక అప్పుడు టిక్కుమంది.

ఆ బోల్టును వేళ్ళతో తిప్పి, పానతో కాస్త పట్టించి వదిలేశారన్నమాట. దాని మీద పసుపు గీత ఉంది. నేను తిప్పేదాకా తెగలేదు కూడా. మిగతా చక్రాలూ తీసి ఆరూ చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయితే పోయిన నెల ట్రాక్‌కు మా ఆవిడ వెళ్ళింది ఈ బ్రేకులతోనే. నూట తొంభైలో ఉండగా బ్రేకు తొక్కింది, ఒక్కసారి కాదు, రోజంతా. కింది బోల్టు ఊడి ఉంటే బరువంతా పైదాని మీద పడేది. అదీ విరిగితే బ్రేకు దిమ్మ చక్రంలో ఇరుక్కునేది. భయం వేసింది. భయం తర్వాత, రేపు ఆవిడ "ఎన్నిరా?" అని అడిగినప్పుడు ఎవరి మాట నమ్మి తాళం తిప్పాలి అన్న ప్రశ్న మిగిలింది.

బిగించవలసింది నేను. గుర్తు చేసుకున్నాను. ఆ బ్రేకులు వేసిన రోజు, ఏడు బిగించాక ఫోన్ మోగింది. కాటా పక్కన పెట్టించానని ఒక కొట్టాయన గొడవ. వీధిలోకి వెళ్ళి ఇరవై నిమిషాలు అతనికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తిరిగొచ్చేసరికి ఎనిమిదింటి మీదా పసుపు రంగు ఉంది. గీత ఉందంటే కుంచె విన్నాడు, కుంచె విన్నాడంటే నేను బిగించేశాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, రెంచ్ తుడిచి పెట్టెలో పెట్టేశాను. ఇరవై ఆరేళ్ళు వేయని ముద్ర ఆ రోజు వేశాను.

సరే, ఒక తప్పు నాది. మరి కుంచె వినకుండా ఎందుకు గీశాడు? కోపంతోనే టార్చి వేసి ఆ గీతను చూశాను. వంకరగా ఉంది. కాస్త కాదు, చీమ కాళ్ళకు రంగంటుకుని నడిచినట్టుంది. పక్కదీ అంతే. అప్పుడు కారు కిందికి దూరాను.

ఆరేళ్ళ పని అక్కడ వరసగా ఉంది. ముందు ఇరుసు దగ్గరివి మొదటి ఏడాది గీసినవి. మట్టి తుడిస్తే దారం లాగి పట్టినట్టున్నాయి. ఇంజిన్‌ను పట్టి ఉంచే బోల్టులు మూడేళ్ళ కిందటివి, అవీ అలాగే. పోయినేడు వేసిన షాక్ అబ్జార్బర్ల దగ్గర గీత కొసన ఒక చిన్న వణుకు. ఆ తర్వాత సీటు పట్టాల మీద రెండు మూడు మెలికలు. బ్రేకుల దగ్గరకొచ్చేసరికి ఇది.

ప్రతి నెలా నేను వీటిని ఒక్కొక్కటే తుడిచి చూస్తాను. తెగిందా లేదా అన్నదొక్కటే చూశాను. గ్రాము తేడా పట్టుకుంటానని పేరున్నవాణ్ణి. ఇంకొన్ని సంగతులు కూడా అక్కడ పడుకునే గుర్తొచ్చాయి. ట్రాక్ రోజున తలుపు మీద నంబరు కుంచె బ్రష్షుతో రాసేవాడు. ఏడాది నుంచి స్టిక్కరు తెస్తున్నాడు. "రంగు కన్నా స్టిక్కరు తేలిక బావా" అన్నాడు. నేను తూచాను. పదకొండు గ్రాములు తేలిక. ఎంత సంతోషించానో. ఈ మధ్య ఎక్కడ నిలబడ్డా చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుంటున్నాడు. వయసుతో వచ్చిన దర్జా అనుకున్నాను.

పదింటికి వచ్చాడు కుంచె, చొక్కా జేబులో బ్రష్షుతో. చక్రాలన్నీ ఊడి ఉండటం చూసి, "ఏంటి బావా, అమ్మేస్తున్నావా?" అన్నాడు.

నేను చేసిన పని చెప్పుకోదగ్గది కాదు. రెంచ్ అతని చేతికిచ్చి, "కొత్తగా పరీక్ష చేయించాను. ఆ కింది బోల్టుకి వేసి చూడు" అన్నాను.

"నువ్వు చూశాక నేను చూసేదేముంది? నువ్వు బిగిస్తే తిరుగుంటుందా?"

"పద్ధతి పద్ధతే కదా. వెయ్యి."

రెంచ్ అందుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు మీద పెట్టబోయాడు. పాన నోరు బోల్టు తలకు తగిలి గటగటా కొట్టుకుంది, తలుపు అవతల ఎవరో తొందరపడుతున్నట్టు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. రెండూ వణికాయి. మూడుసార్లు ప్రయత్నించి రెంచ్‌ను జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు. పనిముట్టును కింద పడేయడం అతనికి రాదు. నాకు సిగ్గేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏడాదిన్నర. ముందు కుడి చెయ్యే. ఈ మధ్య ఎడమది కూడా మొదలుపెట్టింది, అన్నని చూసి తమ్ముడు."

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపించా. నరాల జబ్బట. మందులిచ్చాడు. తగ్గదు, పెరక్కుండా చూద్దాం అన్నాడు." నవ్వడానికి చూశాడు. "బోర్డులు మానేసి ఏడాదైంది బావా. స్టిక్కర్లు కొట్టించి అంటిస్తున్నా. అడిగినవాళ్ళకి ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్ అని చెప్తున్నా."

"రెంచ్ వెయ్యడం ఎప్పుడు మానేశావు?"

"షాక్ అబ్జార్బర్లప్పటి నుంచి." అప్పుడు నా ముఖం చూశాడు. చక్రాల వైపు చూశాడు. తెగిన గీత కనబడింది. ఎంత తిరిగిందో నేను చెప్పనక్కర్లేకపోయింది, గీత రెండు ముక్కలకూ మధ్య దూరం అతనికి నాకన్నా బాగా తెలుసు.

"అక్క దీని మీదే వెళ్ళిందా?" అన్నాడు.

"ఆ బోల్టు నేను బిగించలేదు. మర్చిపోయాను. నువ్వు పట్టుకుంటావనుకున్నాను."

"నువ్వు మర్చిపోవనుకున్నాను నేను."

ఇద్దరం కాపలా కాశాం, కాపలాయే లేకుండా పోయింది. నాకు అతని మీద కోపం ఉండాలి. ఉంది కూడా. కానీ దాన్ని ఎటు పెట్టాలో తెలియలేదు.

"అక్కకి చెప్పకు బావా" అన్నాడు. "నేనే ఇంక రాను. ఏదో పనుందని చెప్పు. ఇది తెలిస్తే ఎలాగూ నన్ను ముట్టుకోనివ్వదు. ఈ గీతలొక్కటే మిగిలాయి నాకు. కారు కింద ఉంటాయి, ఎవరూ చూడరు. ఇవి కూడా పోతే ఇంక నా చేతిలో బ్రష్షు ఉండదు."

బోల్టు సంగతి చెప్పాలి, తప్పదు. చెయ్యి సంగతి చెప్పాలా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. అంతలో మధ్యాహ్నమైంది, షిఫ్టు దిగి మా ఆవిడ వచ్చింది, ఖాకీ చొక్కా కూడా మార్చకుండా నేరుగా షెడ్డులోకి. నాలుగు చక్రాలూ గోడకు ఆనించి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగింది.

నేను చెప్పాను. ఫోన్ మోగడం దగ్గర మొదలుపెట్టి పావు చుట్టు దాకా చెప్పాను, నా తప్పు వరకే. ఆవిడ విని తమ్ముడి వైపు తిరిగింది.

"మరి నువ్వు అన్నీ విన్నానన్నావు కదరా?"

కుంచె జేబుల్లోంచి చేతులు తీసి ముందుకు చాపాడు. "ఏడాదిన్నరగా ఇంతే అక్కా. డాక్టర్‌కి చూపిస్తున్నా" అన్నాడు. ఆవిడ ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. అది ఎంతకీ ఆగలేదు. తిరిగొచ్చినప్పుడు పాత చొక్కా వేసుకుని ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళతో మాట్లాడే గొంతు.

"నా కాలి కింద బ్రేకు. దాని పూచీ మీ ఇద్దరిదీ. ఒకడు దాచాడు, ఒకాయన చూడలేదు. పొద్దున్నే డిపోలో బస్సు బ్రేకు నేనే తొక్కి చూసుకుంటా, ఎవరో చూశారని సంతకం పెట్టను. ఇంట్లో మాత్రం మీ మీద వదిలేసి కూర్చున్నా. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకూ ఉంది." చెయ్యి చాపింది. "ఇటివ్వండి ఆ పాన."

ఇచ్చాను.

"చేతి సంగతి సోమవారం. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా, రావద్దంటే ఊరుకోను. ఏడాదిన్నరట! ఇప్పుడు ఆ గీతలన్నీ తుడిచెయ్. మొదటి నుంచీ చేద్దాం."

"నేనా?" అన్నాడు కుంచె.

"మరెవరు? మీ బావ గీస్తే గోడకి సున్నం కొట్టినట్టుంటుంది."

ఎనిమిదీ వదులు చేసి నేను మళ్ళీ బిగించాను. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చాను. ఆవిడ ఒక్కొక్కదానికీ రెంచ్ వేసి లాగింది. స్టీరింగు తిప్పిన భుజాలు కదా, నాకన్నా సులువుగా లాగింది. టిక్ వినబడగానే "ఊఁ" అనేది. కుంచె బ్రష్షు ముంచి గీసేవాడు.

ఈ ఆరేళ్ళలో అతను గీస్తున్నప్పుడు నేను ఎప్పుడూ అటు తిరిగి రెంచ్‌ను సున్నాకు తిప్పుతూనో, పానలు సర్దుతూనో ఉండేవాణ్ణి. గీతనే చూశాను తప్ప గీసే చేతిని చూడలేదు. ఆ రోజు లైటు పట్టుకుని చూశాను. బ్రష్షు మొన బోల్టు మీద ఆనేదాకా చెయ్యి గాలిలో కొట్టుకుంటుంది. ఆనిన తర్వాత అతను ఊపిరి బిగపట్టి మెల్లగా లాగుతాడు. వేలెడు గీతకు నిమిషం పట్టింది. ఎనిమిదో బోల్టు దగ్గర గీత దారి తప్పి పక్కకు పోయింది. తుడవడానికి గుడ్డ అందుకున్నాడు.

"ఉండనీ" అంది మా ఆవిడ.

"బాలేదక్కా."

"ఇక్కడి నుంచి అక్కడిదాకా తెగకుండా ఉందా?"

"ఉంది."

"చాలు."

మర్నాడు ట్రాక్ దగ్గర తనిఖీ. అక్కడ ఒక పెద్దాయన ప్రతి కారు కిందా టార్చి వేసి చూసి, కాగితం మీద సంతకం పెడితేనే లోపలికి వదులుతారు. మా కారు చక్రాల వెనకకు తొంగి చూసి, "ఇదేంటండీ, ఈ గీతలు గుంతల రోడ్డు మీద లారీలో కూర్చుని గీశారా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. వెలుతురు చాల్లేదనో, బ్రష్షు పాడైందనో అబద్ధం నాలిక చివరే ఉంది. ఈలోగా నా పక్క నుంచి కుంచె, "నేను గీశానండి. నాకు చెయ్యి వణుకుతుంది" అన్నాడు.

పెద్దాయన టార్చి ఆర్పి అతన్ని చూశాడు. "బోర్డులు రాసేది మీరే కదూ? మా గేటు మీద అక్షరాలు మీవే."

"అవునండి. అప్పుడు వణికేది కాదు."

పెద్దాయన మళ్ళీ వంగి ఎనిమిదీ ఒక్కొక్కటే చూసి, సంతకం పెట్టి కాగితం కుంచె చేతికే ఇచ్చాడు. కాగితం రెపరెపలాడింది.

మా ఆవిడ సీట్లో కూర్చుని బెల్టులు బిగించుకుంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది. ఈసారి నన్ను అడుగుతుందేమో అనుకున్నాను.

"ఎన్నిరా?"

"ఎనిమిది."

"అన్నీ విన్నావా?"

"లేదు. బావ బిగించాడు, నువ్వు విన్నావు. నేను గీశాను."

ఆవిడ తలూపి హెల్మెట్ పెట్టుకుని తాళం తిప్పింది. కారు మా ముందు నుంచి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఇనుప వల కంచె దగ్గరికి నడిచాం. ఆ చివర, తిన్నని దారి ముగిసే చోట, ఆవిడ బ్రేకు తొక్కడం కనబడింది. కారు ముక్కు వంచి, నెమ్మదించి, మలుపు తిరిగింది. కుంచె జేబుల్లోంచి చేతులు తీసి కంచెను రెండు చేతులా పట్టుకున్నాడు. వల సన్నగా గలగలమంది. అటు పక్క నిలబడ్డవాళ్ళు ఇద్దరు తిరిగి చూశారు. అతను చేతులు తీయలేదు.